భిలాయి వెళ్ళిన అన్నయ్య

మొన్నొక సాయంత్రం ఫోన్లో మా చిన్నప్పటి సీరియల్ ఒకటి దొరికింది. ఎవరో పుణ్యాత్ములు మొదటి భాగం నుంచీ అన్నీ పెట్టేశారు. బొమ్మ మసక, శబ్దం గరగర. టైటిల్ పాట మొదలవగానే పెందుర్తిలో మా వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగింది. ముందుగదిలో పేపరు చదువుతున్న నాన్న తలెత్తకుండానే అడిగాడు.

"ఆడొచ్చీసినాడేటి?"

అమ్మ నవ్వింది. ఆ నవ్వుకు చాలా ఏళ్ళ కథ ఉంది.

అప్పుడు మేం విశాఖ స్టీల్‌ప్లాంటువాళ్ళ ఉక్కునగరం క్వార్టర్లలో ఉండేవాళ్ళం. కొత్త సీరియల్ మొదలవుతోందంటే మా మెట్లకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళల్లో చిన్నసైజు పెళ్ళి సందడే. ఉన్నది ఒకే ఛానెల్, వారానికి ఒకే భాగం, తప్పిపోతే ఇక అంతే. టీవీ మా ఇంట్లోనే ఉండేది కాబట్టి ఆడవాళ్ళు పెందలాడే వంటలు ముగించుకుని చాపలతో సహా దిగేవారు. మగవాళ్ళలో సగంమంది ప్లాంటులోనే ఉండేవారు. నాన్నకైతే మొదటి భాగాలతో జాతకవిరోధం. ఏ సీరియల్ మొదలైనా ఆ వారమే ఆయనకి బి షిఫ్టు పడేది. మధ్యాహ్నం వెళ్ళిన మనిషి రాత్రి పది దాటితే గానీ వచ్చేవాడు కాదు.

అందుకని మర్నాడు డ్యూటీకి వెళ్ళేముందు నాన్న అన్నం తింటుంటే, అమ్మ క్యారేజీ సర్దుతూ కథంతా చెప్పేది. ఏడ్చేవాళ్ళకి ఏడుపు గొంతు, అత్తగారికి అత్తగారి గొంతు. నిజం చెప్పొద్దూ, సీరియల్ కన్నా అదే బాగుండేది.

ఈ సీరియల్ మొదటి రోజు మాత్రం అందరం బిగుసుకుపోయాం. కథలో హీరోకి ఒక అన్నయ్య, మిల్లు కార్మికుడు. క్యారేజీ పట్టుకుని, పిల్లని ముద్దు పెట్టుకుని పనికి వెళ్ళాడు. బాయిలర్ పేలింది. మనిషి పోయాడు. మా గదిలో కూర్చున్న ఆడవాళ్ళలో సగంమంది భర్తలు ఆ క్షణాన ఏదో కొలిమి దగ్గరో, కాలిన ఇనుము దగ్గరో ఉన్నారు. నాకు భయమేసి అమ్మ కొంగు పట్టుకున్నాను.

మా ఇళ్ళలో డ్యూటీకి వెళ్ళేవాడు "వెళ్తున్నా" అనకూడదు, "వెళ్ళొస్తా" అనాలి. అతను గుమ్మం దాటేదాకా చావు కబురన్నది ఎవరి నోటా రాకూడదు. ఇక ఈ కథ చెప్పడమెలా?

"మాయనకి ఈ మాట నాను సెప్పలేనక్కా," అంది వన్‌టౌన్ నుంచి వచ్చి మా పక్క క్వార్టర్లో ఉంటున్న ముస్లిం పిన్ని.

"ఎందుకు సెప్తావు? ఊరెల్లినాడని సెప్పీద్దాం," అంది అమ్మ.

అందరూ ఒప్పుకున్నారు. ఏ ఊరో అనుకోవడం మరిచిపోయారు. రెండు రోజుల్లో ప్లాంటు బస్సులో మగవాళ్ళ మధ్య గొడవ.

"నువ్వు భిలాయన్నావు. పక్కింటావిడ దుబాయందట. ఏటిది?" అన్నాడు నాన్న అన్నం కలుపుకుంటూ.

"ముందు భిలాయెల్లి, అక్కణ్ణించి దుబాయెల్లినాడు," అంది అమ్మ, క్యారేజీ మూత బిగిస్తూ. రెప్ప వాల్చలేదు.

షిఫ్టు మారిన వారం నాన్న కూడా టీవీ ముందు కూర్చున్నాడు. ఆ అన్నయ్య ఫోటోకి దండ వేసి గోడకి తగిలించారు కదా, ఆ గోడ కనబడినప్పుడల్లా అమ్మ లేచి కొంగుతో టీవీ తుడిచేది. అంత శుభ్రమైన టీవీ ఉక్కునగరం మొత్తంలో లేదు.

బి షిఫ్టు వచ్చినప్పుడల్లా నాన్న చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అడిగేవాడు, "ఆడొచ్చీసినాడేటి?" "ఇంకా లేదండి. ఒస్తాడు," అనేది అమ్మ. "అయితే నాను ఎల్లొస్తా," అని నాన్న మెట్లు దిగేవాడు. సీరియల్ అయిపోయింది. అన్నయ్య రాలేదు. సెలవు దొరకలేదట అంది అమ్మ. ఆ తర్వాత కూడా నాన్న అడగడం మానలేదు, అమ్మ చెప్పడమూ మానలేదు. అదొక ఇంటి అలవాటైపోయింది. రాత్రి బస్సు కాస్త ఆలస్యమైతే మాత్రం అమ్మ బాల్కనీలోంచి కదిలేది కాదు.

నాన్న రిటైరైన రోజు తోటివాళ్ళు బంతిపూల దండ వేసి ఇంటిదాకా తీసుకొచ్చారు. గుమ్మం ఎక్కకముందే అమ్మ ఆ దండ తీసి గేటుకి తగిలించింది. వాళ్ళు వెళ్ళాక మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి, ఆయన పక్కన కూర్చుంది.

"మీకొకటి సెప్పాలండి. ఆ సీరియల్లో అన్నయ్య... మొదటిరోజే పోనాడు. మిల్లులో."

నాన్న నీళ్ళన్నీ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"తెల్సు. నువ్వు టీవీ తుడుస్తుంటే నీ బుజం మీంచి దండ కనబడీసింది."

"మరి అన్నేళ్ళూ ఎందుకడిగినారు?"

"ఒస్తాడని నువ్వు సెప్తావు గదా. అది ఇనీసి ఎల్తే, నానూ ఒస్తానని దైర్యంగుండీది."