ఎంత బరువు విల్లు, ఎంత దూరంలో జింక

వారం రోజులుగా మా గరాజ్‌లో మైనం వాసన. వింటితాడు పోగులు లేవకుండా రాసుకోమని షాపువాడిచ్చిన గొట్టం అది. మా అమ్మాయి వెన్నెల మూత తీసి వదిలేస్తుంది, నేను పెడతాను, మళ్ళీ తీసి వదిలేస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, మారేడుమిల్లి అవతలి కొండల్లో మా ఇంటి అరుగూ, చైత్రం ఎండా, అడ్డతీగ నారతో పేనిన వింటితాడుని మోకాళ్ళ మధ్య బిగించి తేనెమైనం రుద్దుతున్న లచ్చిరెడ్డి మావా గుర్తొస్తారు. గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది.

భూమి పండగకి మా ఊరి మగవాళ్ళంతా వేటకి పోవాలి. ఆ నెలంతా ఊరు ఇప్పపువ్వు ఉడికే తీపివాసనతో, జీలుగు కల్లు పులుపుతో, చింతచిగురు వేసి కాచిన సామజావ ఆవిరితో మత్తుగా ఉండేది. పిల్లలం వెదురు బద్దలతో బొమ్మ విళ్ళు చేసుకుని గుమ్మడికాయల్ని చిల్లులు పొడిచేవాళ్ళం. వేట నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాడి మీద మాత్రం ఆడవాళ్ళు దారికడ్డంగా నిలబడి, పాటలు కట్టి ఏడిపించి, కుండలకొద్దీ పేడనీళ్ళు కుమ్మరించేవాళ్ళు. దానికి దడవని మగవాణ్ణి నేను చూడలేదు.

మా అమ్మ తమ్ముడైన లచ్చిరెడ్డి మావకి రెండు విళ్ళుండేవి. చిన్నది వాళ్ళ నాన్నది. పెద్దది తను చేసుకున్నది. దాన్ని వంచి తాడెక్కించడానికే ఇద్దరు కావాలి, ఊళ్ళో ఇంకెవరూ దాన్ని లాగలేరని ఆయనకి మహా గర్వం. బడిలో ఎవరూ నేర్పకపోయినా నాకు లెక్కపెట్టడం జబ్బులాంటిది. ముప్పై అడుగుల్లో అరటిబోదె నిలబెట్టి మావ పది బాణాలేస్తే, చిన్న విల్లుతో ఎనిమిది తగిలేవి, పెద్దదానితో నాలుగు. చేతులు వణికేవి మరి. నాలుగు రోజులు బొగ్గుతో గోడ మీద గీతలు గీసి చూపించాను.

"లెక్కలోడొచ్చాడ్రోయ్! గీతలు గీత్తే కణుజు పడుద్దేంట్రా?" అని అందరూ నవ్వారు. అప్పటికి నాకు పదేళ్ళు.

వేటకి పిల్లల్ని తీసుకుపోరు. మిగతాది నాన్న చెప్పిందే. మూడో రోజు సాయంత్రానికి ఒక్క పిట్ట కూడా పడలేదు. వాలులో కణుజు, అంటే గుర్రమంత జింక, కనిపించింది, డెబ్బై అడుగులు దాటిన దూరం. మిగతావాళ్ళు వద్దన్నారు. మావ పెద్ద విల్లు లాగాడు, బాణం పొట్టలో దిగింది, కణుజు బాణంతోనే పరిగెత్తింది. రాత్రంతా దాని నెత్తురు వెతుక్కుంటూ తిరిగి, మర్నాడు మధ్యాహ్నం వాగులో పట్టుకున్నారు. అప్పటికీ నిలబడే ఉందట.

ఊరికి మోసుకొచ్చారు. డప్పులు మోగాయి. మా అవ్వ, మావ వాళ్ళమ్మ, వంగి ఆ గాయం వాసన చూసింది, చుట్టూ ముసిరిన ఈగల్ని చూసింది. "ఎప్పుడేశావురా?" అంది కొడుకుతో. "నిన్న పొద్దుగూకే ఏళ." ఆవిడ కుండెత్తి పేడనీళ్ళు కొడుకు నెత్తిన బోర్లించింది. వేట తెచ్చినవాడి మీద ఎవరైనా పోయడం నేను చూసింది అదొక్కసారే.

నర్సు ఉద్యోగానికి వచ్చిన మా ఆవిడ వెంట అమెరికాకి ఇంత దూరం వచ్చాక, బెంటన్‌విల్ శివార్లలో, నాకు మళ్ళీ అదే పేచీ. జింకల వేట సీజన్‌కి క్లాస్‌మేట్ కేట్లిన్ కుటుంబంతో వెళ్తానంది వెన్నెల. వెళ్ళమన్నాం. ఇక షాపులో చూడాలి: విల్లు బరువు, అంటే తాడు లాగడానికి పట్టే బలం, పౌన్లలో, బాణం పొడవు అంగుళాల్లో, బరువు గ్రెయిన్లలో, దూరం గజాల్లో, వేగం సెకనుకి అడుగుల్లో! నాలుగు వందల గ్రెయిన్లంటే ఇరవై ఆరు గ్రాములని నేను తేల్చేలోపు షాపువాడు మూడు విళ్ళు పొగిడేశాడు. చాచిన చేతుల కొస నుంచి కొసకి అరవై ఐదంగుళాలు, రెండున్నరతో భాగిస్తే లాగే పొడవు ఇరవై ఆరు. అది వెన్నెల ఒప్పుకుంది. బరువు దగ్గరే పేచీ.

"కేట్లిన్ ఫిఫ్టీ ఫైవ్ పుల్ చేస్తుంది నాన్నా."

"చెయ్యనీ. నువ్వు స్టూల్ మీద కూర్చో. విల్లు ఆకాశానికి ఎత్తకుండా, గురి వైపే ఉంచి లాగు."

లాగలేకపోయింది. విల్లు పైకి లేచింది, భుజం వణికింది. యాభై, నలభై ఆరు. బరువు తగ్గించే మరలు తిప్పీ తిప్పీ షాపువాడికి విసుగొచ్చింది. నలభై రెండు దగ్గర నిశ్శబ్దంగా లాగి, నేను ముప్పై లెక్కపెట్టేదాకా కదలకుండా పట్టుకుంది. "దిసీజ్ సో ఎంబరాసింగ్," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "థర్టీ యార్డ్స్‌లో కొడతా, చూడు."

"దీంతో ఇరవై."

"థర్టీ!"

కార్‌లో లచ్చిరెడ్డి మావ సంగతి చెప్పాను. కిటికీలోంచి చూస్తూ విన్నది. ఇల్లు దగ్గరపడ్డాక, "ఆ రాత్రి అది ఎక్కడ పడుకుంది నాన్నా?" అంది. నాకు తెలీదు. తెలిసినవాళ్ళు ఆ వేటకెళ్ళిన తొమ్మిదిమంది. వాళ్ళలో ఒక్కరూ లేరిప్పుడు. మా ఊళ్ళో వేటా లేదు, చట్టం ఒప్పదు. విళ్ళు చేసేవాళ్ళు రోడ్డు పక్కన టూరిస్టులకి అమ్ముతున్నారు. గోడకి తగిలించే విల్లుకి బలమెంతో ఎవరడుగుతారు? పేడనీళ్ళ కుండ పట్టుకుని, గాయం చూసి తీర్పు చెప్పే అవ్వలూ లేరు.

సాయంత్రం పెరట్లో, ముప్పై గజాల గుర్తుగా పెట్టుకున్న రాయిని వెన్నెల కాలితో తోసుకుంటూ గురిబస్తా వైపు తెచ్చింది. నన్ను పిలవలేదు. తను లోపలికెళ్ళాక టేపు పెట్టి చూశాను. పందొమ్మిదిన్నర.