నా నోరే నాకు తునకలు బంద్ చేసింది

మొన్న ఆదివారం సంది నాకు మటన్ తునకలు బందయినయ్ సార్. ఏ డాక్టరూ చెప్పలే, నా నోరే చెప్పింది. నవ్వుతరని తెలుసు. చాయ్ తాగుకుంట వినుండ్రి. నాకైతే ఇప్పటికీ యాదికొస్తే చేతుల మీద వెంట్రుకలు లేస్తున్నయ్.

శనివారం క్లాసుల ఒక పిల్ల అడిగింది, "ప్రవక్త అంటే ఏంది సార్, రేపు జరిగేది చెప్పెటోడా?" అని. నాకూ సరిగ తెల్వదు. స్టాఫ్ రూంల మీ ముందల్నే డిక్షనరీ తిరగేసిన గద. ప్రాఫెట్ అనేది గ్రీకుల నుంచి వచ్చిందంట, దేవుని తరఫున మాట్లాడెటోడని అర్థమంట. మన ప్రవక్త అన్న మాటల గూడ ఉన్నది వక్తే, పలికెటోడు. రేపటి సంగతులు చెప్పుడు దానెన్క అతుక్కున్నదే. ఈ తెలివంత నెత్తికెక్కిచ్చుకొని ఆదివారం నడిగూడెంల అత్తగారింటికి పోయిన.

మా మామకున్న ఆస్తంత గొర్రెల మందే. ఈడ మేత ఖతమయింది, వాగు దాటిచ్చి అవతలి బీళ్లకు తోలాలె. ఎల్లమ్మను అడగంది వాళ్ల మంద వాగు దాటదు. ఆ తల్లి పూనితే మాట పలికేది మా ఆవిడ నాయనమ్మ, మల్లవ్వ. అవ్వకేమో గొంతు పోయింది, పిల్లి కూతంత గూడ వస్తలేదు. మామ తల పట్టుకున్నడు. "అడగకుంట తోల్తే ఆగమైతం. తోలకుంటే ఆకలికి సస్తయ్."

నేను ఊకుంటనా? "గంత పరేషాన్ ఎందుకు మామా? పలికెటోళ్లది వట్టి నోరే, మాట తల్లిది. నోరు ఎవలిదైతే ఏంది?" అన్న.

మామ నా చెయ్యి పట్టుకున్నడు. "అయితే నువ్వే కూసో అల్లుడా."

లోపల పొట్టేలు కూర ఉడుకుతున్నది. ఆ వాసనకు నా కడుపు కాలుతున్నది. జరసేపు కూసొని, 'మంచిగైతది, తోలుకపోండ్రి' అని లేస్తే అయిపాయె అనుకున్న.

పట్టపగలే తలుపులు మూసిండ్రు. సాంబ్రాణి పొగ నిండింది. తల్లి పాటలు పాడే బైండ్లాయన జమిడిక వాయిస్తున్నడు. నా ఎదురుంగ మల్లవ్వ, రెప్ప కొట్టకుంట నన్నే సూస్తున్నది. ఉన్నట్టుండి బయట మంద సప్పుడు ఆగింది. ఒక్క గొర్రె అరుస్తలేదు, ఒక్క గంట మోగుతలేదు. నా అరిపాదాలు సల్లగయినయ్, నీళ్లల్ల నిలబడ్డట్టు. కింద వట్టి మట్టినేలే సార్.

'మంచిగైతది' అందామని నోరు తెరిసిన.

"ఇయ్యాల దాటొద్దు" అని వచ్చింది.

గొంతు నాదే. నేనైతే అన్లే. నాలిక కొరుక్కుందామంటే నా మాట వింటలేదు. ఎన్కనే ఇంకోటి వచ్చింది, "పలికిన నోరు తునక ముట్టొద్దు."

మామ మందను ఆపిండు. బయటికొచ్చి సూస్తే మొగులు జాడ లేదు, ఎండ పెళపెళ కాస్తున్నది. నాకు పానం జర కుదుటపడ్డది. వాగు రాదు, మాట అబద్ధమైతది, నా కూర నాకొస్తది అనుకున్న.

పొద్దు గూకక ముందే వాగొచ్చింది. ఎగువల యాడ్నో కురిసినట్టుంది, ఎర్రనీళ్లు చెట్లను మోసుకొని పోతున్నయ్. మామ ఒడ్డు మీద కూలబడి, నా చేతులు పట్టుకొని ఏడ్సిండు. "మందను నిలబెట్టినవ్ బిడ్డా." నాకూ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

బువ్వ కాడ అందరికీ తునకలు, నాకు పచ్చిపులుసు. "జర ఒక్కటి..." అన్న. మామ దండం పెట్టిండు. "వద్దు అల్లుడా, మొదటి మాట నిజమాయె గద."

అప్పుడు మా ఆవిడ నా చెవుల మెల్లగ చెప్పింది. "నీ నోరు కదలకముందే అవ్వ పెదాలు కదిలినయ్. ప్రతి మాటకు." నా చేతిల ముద్ద చేతిల్నే ఉండిపోయింది.

తెల్లారి అవ్వకు గొంతొచ్చింది. పక్కన కూసొని అడిగిన, "అవ్వా, వాగు మాట తల్లిదే అనుకుంట. ఆ తునకల మాట మాత్రం నీదే గద?"

అవ్వ మిగిలిన కూరల మూలుగ బొక్క ఏరుకొని, తీరుబడిగ గుంజుకుంట అన్నది.

"నాకేం ఎరుక బిడ్డా. నోరు ఎవలిదైతే ఏంది?"