గాడి అంటే గాడీ అనుకున్నాడు

ఆబిడ్స్‌లో ముచ్చటపడి రెండు కరెంటు బొమ్మ కార్లు కొన్నాను. నాంపల్లిలో మా ఇంటి సామాన్ల గదిలో వాటికి పందెం బాట కట్టాలని నా ఆశ. కారు కింద చిన్న ములుకు ఉంటుంది. బల్లలో గాడి చెక్కితే, ములుకు అందులో పడి కారు దారి తప్పకుండా పరుగెడుతుంది. ఇంట్లో మాత్రం ఇస్త్రీ బల్ల చేయిస్తున్నానని చెప్పాను.

నలభై ఏళ్లొచ్చి బొమ్మ కార్లకని చెప్పడానికి వడ్రంగి యాదయ్య దగ్గరా సిగ్గేసింది. "ఈ బల్లకి గాడి కావాలి. ఒకటి కాదు, రెండు, పక్కపక్కన" అని మాత్రం చెప్పి వచ్చాను.

ఈ రోజు సాయంత్రం వెళితే బల్ల అద్దంలా నున్నగా ఉంది. దాని మీద చక్రాలతో సహా రెండు బుల్లి చెక్క బళ్లు నిలబడి ఉన్నాయి.

"ఇదేంటి యాదయ్యా, గాడి ఏది?"

"గివేంది మరి సార్? రెండు గాడీలు. పక్కపక్కనే పెట్టిన."

గుంటూరు నుంచి వచ్చి పదిహేనేళ్లయింది. ఇక్కడ గాడీ అంటే బండి అని తెలిసి కూడా తోచలేదు. ఇక కార్ల సంగతి ఒప్పుకున్నాను. ఆయన నవ్వలేదు.

"ముందుగాల్నే చెప్పాలె గద సార్. రేపటికి చెక్కిస్త. గని మొదటి పందెం నాతోని."

బళ్లు రెండూ సంచీలో పెట్టి ఇచ్చాడు. ఇస్త్రీ బల్లకి ఇవెందుకని మా ఆవిడ అడిగితే ఏం చెప్పాలో, పెళ్లయినవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి.