చేదు తెలిసిన వదాద్

బేరూత్‌లో జెయ్‌తావీ మెట్ల వీధి పక్కన మూడో అంతస్తులో ఉండే వదాద్ ఇంట్లో, స్నానాల తొట్టిలో ఎవరైనా స్నానం చేసి నలభై ఏళ్ళు కావస్తోంది. అందులో ఎప్పుడూ తుర్ముస్ గింజలు నానుతుంటాయి. చొక్కా గుండీలంత, పసుపుపచ్చగా, బల్లపరుపుగా ఉండే ఆ గింజలు పుట్టుకతోనే విషమంత చేదు. ఒకసారి ఉడకబెట్టి, ఆ తర్వాత వారం రోజులు పూటపూటకీ నీళ్ళు మారుస్తూ పోతే తప్ప ఆ చేదు వదలదు. వదిలాక మాత్రం ఉప్పు, జీలకర్ర పొడి చల్లి నిమ్మకాయ పిండితే, సముద్రపు ఒడ్డుకి గాలి కోసం వచ్చినవాళ్ళు పంటితో తొక్క ఒలుచుకుంటూ గంటలకొద్దీ నములుతూ కూర్చుంటారు.

వదాద్ పంతొమ్మిదో ఏట ఉత్తరాన అక్కార్ కొండల నుంచి పెళ్ళిచేసుకుని వచ్చింది. మొగుడు సల్లూమ్ తోపుడుబండి మీద తుర్ముస్ అమ్మేవాడు. నానబెట్టడం, నీళ్ళు మార్చడం, రుచి చూడడం ఆవిడ పని. రోజూ ఒక గింజ కొరికి, కళ్ళు మూసుకుని కాసేపు కదలకుండా నిలబడేది. "అయింది" అంటేనే బండి కదిలేది. "కాలేదు" అంటే ఆ రోజు సల్లూమ్ ఇంట్లోనే పేకాడుకునేవాడు. ఆ మాట మీద ఆయన ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. మిగతా అన్ని మాటల మీదా చెప్పాడు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. బండి అమ్మేసి, వదాద్ ఇప్పుడు చుట్టుపక్కల బార్లకీ కొట్లకీ డబ్బాలతో గింజలు పోస్తోంది. ఎదురు వాటాలో ఆడపడుచు లోర్ ఉంటుంది. ఒకప్పుడు బట్టలు కుట్టేది, ఇప్పుడు వీధి విషయాలన్నీ కుడుతుంది.

ఆ మేడ కింద గారేజీలో వడ్రంగి ఖాళీ చేశాక మక్రమ్ అనే కుర్రాడు దిగాడు. కుర్రాడంటే ముప్ఫై మూడేళ్ళు. మందులషాపులో ఉద్యోగం మానేసి పెద్ద పెద్ద స్టీలు పీపాలు తెచ్చి పెట్టుకున్నాడు. రెండోరోజు పొద్దున్నే తీపీ చెమటా కలిసిన ఒక వాసన మెట్లెక్కి వదాద్ వంటింట్లోకి వచ్చేసింది. ఆవిడ చెప్పులేసుకుని దిగింది.

"ఏయ్ అబ్బాయ్! ఏం కాలుస్తున్నావక్కడ? నా ఇల్లంతా గుర్రాల కొట్టంలా ఉంది!"

"కాల్చట్లేదు పిన్నీ, ఉడకబెడుతున్నా. బార్లీ."

"ఇంత బార్లీనా? ఊరందరికీ ఒక్కసారే జ్వరమొచ్చిందా?"

"బీరు పిన్నీ. బీరు కాస్తున్నా."

"బీరు ఫ్యాక్టరీవాళ్ళు చేస్తారు. ఇళ్ళల్లో కాచేది ద్రాక్షసారా, అరక్. మా మామగారు కాచేవాడు, ఇలా కంపు కొట్టేది కాదు."

మక్రమ్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "కంపు మాట నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. రోజూ తెల్లారగానే మీ గొట్టంలోంచి ఏవో నీళ్ళు దిగుతాయి. నా గారేజీ అంతా కుళ్ళిన చిక్కుడుకాయల వాసన. అదేంటని నేనడిగానా?"

పైన బాల్కనీలోంచి లోర్ పకపకా నవ్వింది. "అడిగేశాడుగా వదినా, ఇప్పుడు చెప్పు!"

వదాద్‌కి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. అసలేం చేస్తున్నాడో చూద్దామని లోపలికి వెళ్ళింది. అతను ఒక సంచి విప్పి ఎండిన ఆకుపచ్చ పూలు చూపించాడు. హాప్స్ అన్నాడు. ఆవిడ అలవాటు కొద్దీ ఒక రేక తుంచి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుంది, వెంటనే తెరిచింది.

"అయ్య బాబోయ్! దీని చేదు ఎన్నిరోజులు నానబెడితే పోతుంది?"

"పోనివ్వను పిన్నీ. చేదు కోసమే వేస్తా. జర్మనీ నుంచి తెప్పిస్తున్నా."

వదాద్ ఆ సంచి అతని చేతిలోకి తోసేసింది. "ఒరే నాయనా, చేదు వదిలించడానికి నలభై ఏళ్ళుగా నా నడుం విరుగుతోంది. నువ్వు డబ్బు పోసి, ఓడ మీద తెప్పించుకుని మరీ కలుపుతున్నావా? నా తొట్టి నీళ్ళు పట్టుకుపో. ఊరికే ఇస్తా!"

ఆ సాయంత్రమే ఒక గిన్నెడు తుర్ముస్ కిందికి పంపింది. దెబ్బలాడి వచ్చిన ఇంటికి ఏదో ఒకటి పంపకపోతే ఆవిడకి అన్నం సయించదు. మక్రమ్ ఆ గిన్నెలో ఒక సీసా పెట్టి తిప్పి పంపాడు. సీసా లోర్ తాగేసింది.

గురువారం సాయంత్రాలు మక్రమ్ గారేజీ తలుపు ఎత్తి, బయట నాలుగు బల్లలు వేసేవాడు. మెట్ల మీద, గోడల మీద, నిలిపి ఉన్న కార్ల ముందు భాగాల మీద ఎక్కడపడితే అక్కడ జనం గ్లాసులు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఊళ్ళో అప్పుడప్పుడే పదిమంది దాకా ఇలా సొంతంగా బీరు కాయడం మొదలుపెట్టారు. ఒకడు దానిమ్మ పులుపు వేస్తాడు, ఇంకొకడు థైమ్ ఆకు, మరొకడు కాఫీ. వాళ్ళంతా ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళి తాగి, ఒకరినొకరు తిట్టుకుని, పీపాలు అరువిచ్చుకునేవాళ్ళు. బల్లకో గిన్నె చొప్పున వదాద్ గింజలు ఉండేవి. ఆవిడ కుర్చీ వేసుకుని కూర్చుని అన్నీ వినేది. బీరు మాత్రం ముట్టేది కాదు. అది కడుపులో బాగాలేనివాళ్ళు తాగేదని సల్లూమ్ అనేవాడు. ఆయన అరక్ మనిషి.

ఆగస్టు నెలాఖరుకి మక్రమ్ మొహం వాడిపోయింది. అక్టోబరు మొదటి వారంలో పాత రైల్వే స్టేషన్ ఆవరణలో బీరు పండగ. దేశంలో సొంతంగా కాచేవాళ్ళంతా వస్తారు. దానికని కాచిన బీరు రెండుసార్లూ చెడింది. తాగితే చెడిందని చెప్పలేం, కానీ రెండో గుక్క తాగబుద్ధి కాదు. హాప్స్ పాతబడ్డాయేమోనని కొత్త సంచి విప్పాడు. పులిసే మందు మార్చాడు. పీపాలన్నీ పిచ్చెత్తినట్టు తోమాడు. మూడోసారీ అంతే. ఒకరోజు పొద్దున మెట్ల మీద తల పట్టుకుని కూర్చుని కనబడ్డాడు.

"ఎవరు పోయారు?" అంది వదాద్.

"నా పండగ పోయింది పిన్నీ."

ఆవిడ సంచి కింద పెట్టింది. "ఓ చుక్క పొయ్యి."

"నువ్వు తాగవుగా!"

"తాగుతానని ఎవరన్నారు? చూస్తానంటున్నా."

గ్లాసు తెచ్చాడు. వదాద్ ఒక గుక్క పట్టింది, కళ్ళు మూసుకుంది. వీధిలో కూరగాయల బండివాడు అరుచుకుంటూ పోయాడు. ఆవిడ కదల్లేదు. తర్వాత వెళ్ళి వీధి కాలవలో ఉమ్మేసి, మంచినీళ్ళతో పుక్కిలించి, ఇంకో గుక్క పట్టింది. మక్రమ్ పరీక్ష రాసినవాడిలా నిలబడ్డాడు.

"నీ పూల తప్పేం లేదు," అంది చివరికి. "పూల చేదు వచ్చి పలకరించి వెళ్ళిపోతోంది, మర్యాదస్తురాలు. దాని వెనకాల ఇంకోటి వచ్చి గొంతులో కూర్చుని లేవనంటోంది. అది పూలది కాదు, నీళ్ళది. నీళ్ళు ఎక్కడివి?"

"ట్యాంకరువి. ఎండాకాలం కుళాయి రాదుగా."

"ఏ ట్యాంకరు?"

"జులై నుంచి కొత్తాయన వస్తున్నాడు. చవగ్గా పోస్తున్నాడని..."

వదాద్ నుదురు కొట్టుకుంది. "సముద్రం పక్కన బావి తవ్వి తోడి అమ్ముతున్నాడు నాయనా! ఉప్పునీళ్ళు. నా గింజలు అలాంటి నీళ్ళల్లో పదిరోజులు నానినా దారికి రావు. ఒకసారి ఇలాగే జరిగితే సల్లూమ్ వారం రోజులు పేకాడాడు. నువ్వు ఇన్ని యంత్రాలు కొన్నావు, నీళ్ళు రుచి చూడలేదా?"

"వడపోత పెట్టాను పిన్నీ."

"వడపోతకి నాలుక ఉందా?"

కొండమీద ఊట నుంచి నీళ్ళు తెచ్చే తనూస్ అనే ముసలాయన సల్లూమ్‌కి పాత స్నేహితుడు. వదాద్ ఫోన్ చేసి, ముందు అతని మోకాళ్ళ గురించి పావుగంట, తర్వాత నీళ్ళ గురించి ఒక్క నిమిషం మాట్లాడింది. మర్నాడు పొద్దున్నే అతని లారీ వచ్చి మెట్ల కింద ఆగింది. మక్రమ్ గొట్టం బిగించేలోపే ఆవిడ దోసిట్లో నీళ్ళు పట్టి తాగి "కాచుకో" అంది.

కాచాడు. చల్లారాక ఒకసారి, పులిసేటప్పుడు మూడుసార్లు, ఆవిడని పిలిచి చూపించాడు. మొదట్లో ఉమ్మేసేది. మూడోసారి మింగేసింది. "పొరపాటున దిగింది," అంది లోర్‌తో.

పండగకి రెండురోజుల ముందు మక్రమ్ సీసాలకి చీటీలు అంటిస్తుంటే వదాద్ చూసింది. పెద్ద అక్షరాలతో "వదాద్" అని ఉంది. కింద తలకి రుమాలు కట్టుకున్న ఒక ఆడమనిషి బొమ్మ.

"ఇదేంటిరా! నా పేరు బీరుసీసా మీదా? చర్చిలో ఫాదర్ ఏమంటారు? అక్కార్‌లో మా అన్నయ్య ఏమంటాడు?"

"నీ పేరని ఎవరన్నారు పిన్నీ? వదాద్ అంటే ఆప్యాయత. నేను ఆప్యాయత అని పెట్టుకున్నా."

"ఆప్యాయతకి నా ముక్కెందుకొచ్చింది?"

లోర్ సీసా తీసుకుని వెలుగులో తిప్పి చూసింది. "అసలు ముక్కు కన్నా తగ్గించే వేశాడు వదినా, దండం పెట్టు."

పండగ రోజు మధ్యాహ్నం నుంచే స్టేషన్ ఆవరణ నిండిపోయింది. ఎప్పుడో ఆగిపోయిన రైలింజన్ల మధ్య, గడ్డి మొలిచిన పట్టాల పక్కన, పాతిక దుకాణాలు. ఒక మూల దబ్కె ఆడుతున్నారు, చేతులు పట్టుకుని కాళ్ళు నేలకేసి కొడుతుంటే దుమ్ము లేస్తోంది. ఇంకో మూల కొత్తిమీరా వెల్లుల్లీ వేసి బంగాళాదుంపలు వేయిస్తున్నారు. కరెంటు రెండుసార్లు పోయింది. పోయినప్పుడల్లా జనం ఈలలు వేశారు, జనరేటరు అందుకోగానే మళ్ళీ వేశారు. వదాద్ చర్చికి వేసుకెళ్ళే నల్ల గౌను తొడుక్కుని, గింజల బేసిను ముందు పెట్టుకుని కూర్చుంది. జనం సీసా చూసి, ఆవిడని చూసి, మళ్ళీ సీసా చూసి, "నువ్వేనా పిన్నీ?" అని అడుగుతున్నారు. మొదటి పదిమందికి "కాదు" అంది. తర్వాత "అవును, ఏం?" అనడం మొదలుపెట్టింది.

నాలుగింటికి ఫాదర్ బూలోస్ రానే వచ్చారు. వదాద్ లేచి నిలబడింది.

"నీ పేరు మీద సీసా వచ్చిందని విన్నానమ్మా. చూసి మందలిద్దామని వచ్చాను," అన్నారాయన గంభీరంగా.

మక్రమ్ గ్లాసు అందించాడు. ఫాదర్ నిలబడే తాగారు, మీసాల నురగ తుడుచుకున్నారు, రెండు గింజలు నమిలారు.

"మందలించాలంటే ఒక గ్లాసు చాలేట్టు లేదు," అన్నారు.

ఆయన రెండోది తాగి వెళ్ళాక వదాద్ మెల్లగా అంది, "నాకూ ఓటి పొయ్యి. నిండా." మక్రమ్ పోశాడు. ఆవిడ ఈసారి కళ్ళు మూసుకోలేదు. జనాన్ని చూస్తూ తాగింది. తన గింజల తొక్కలు పట్టాల మీద పచ్చగా పడి ఉన్నాయి. అన్నేళ్ళూ సల్లూమ్ బండి చుట్టూ ఇలాగే జనం మూగి ఉంటారు, ఆవిడ మాత్రం ఎప్పుడూ తొట్టి దగ్గరే ఉండిపోయింది. ఇంతమంది తింటుంటే వాళ్ళ మొహాలు చూడ్డం ఇదే మొదటిసారి.  గ్లాసు ఖాళీ చేసి లేచింది.

ఆ తర్వాత కాళ్ళు ఆగలేదు. లోర్ చెయ్యి పట్టుకుని పాతిక దుకాణాలూ తిరిగి, ప్రతిచోటా ఒక్కో గుక్క చూసింది. "నువ్వు తొందరపడ్డావు, ఇంకో వారం ఆగాల్సింది." "నీది బాగుంది కానీ దానిమ్మే మొత్తం మాట్లాడేస్తోంది." "నీ నీళ్ళెక్కడివి?" గడ్డాలు పెంచుకున్న కుర్రాళ్ళు తలూపుతూ విని, ఆవిడ అవతలికి వెళ్ళగానే తమ బీరు తాము మళ్ళీ రుచి చూసుకున్నారు.

సాయంత్రం వోట్లు. వచ్చినవాళ్ళకి తలా ఒక సీసామూత ఇచ్చారు, ఎవరి బీరు నచ్చితే వాళ్ళ గాజుకూజాలో వెయ్యాలి. మక్రమ్ కూజా గొంతుదాకా నిండింది. కానీ జహ్లే నుంచి వచ్చిన జుమానా అనే అమ్మాయి కూజా అంతకన్నా నిండింది. ఆమెది ఎండు ఆప్రికాట్లు వేసి కాచిన గోధుమ బీరు. పదకొండు మూతల తేడాతో మక్రమ్‌కి రెండో స్థానం వచ్చింది. వీధి వీధంతా వచ్చి అతని భుజాలు చరుస్తుంటే అతను నవ్వుతూనే వదాద్ వైపు తిరిగాడు.

"పిన్నీ, నీ మూత ఎవరికేశావ్?"

వదాద్ గింజల మీద ఉప్పు చల్లుతోంది. "జహ్లే పిల్లకి."

"ఏంటీ? నీ పేరు పెట్టుకున్న బీరు ఇక్కడ ఉండగా?"

"పేరు నాదే. ఆ పిల్లది ఇంకా బాగుంది. నాలుకతో అబద్ధమాడితే అది రేపు నాకు నిజం చెప్తుందా?"

లోర్ తలవంచుకుంది. "నేనూ దానికే వేశానురా. వదినేసిందని వేశా."

మక్రమ్ కుర్చీలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. ఇదంతా విన్న జుమానా వచ్చి వదాద్ బుగ్గల మీద మూడుసార్లు ముద్దుపెట్టుకుని, "పిన్నీ, వసంతంలో మా ఊళ్ళో పండగ. తీర్పు చెప్పేవాళ్ళ బల్ల దగ్గర మీరు కూర్చోవాలి," అంది.

"నేను చదువుకోలేదమ్మా."

"మాకు చదువుకున్నవాళ్ళు ఆరుగురున్నారు. అదే మా బాధ."

ఏప్రిల్లో వదాద్ అదే నల్ల గౌనుతో జహ్లే బస్సెక్కింది. బల్ల దగ్గర బెల్జియంలో నేర్చుకుని వచ్చిన పెద్దమనిషి ఒకాయన పండ్ల పేర్లు, చెట్ల పేర్లు వరసగా చెప్పి ప్రతి బీరునూ వర్ణించేవాడు. వదాద్ వంతు వస్తే "ఇది కూర్చుంటుంది", "ఇది వెళ్ళిపోతుంది", "ఇది వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కొస్తుంది" అని ఊరుకునేది. మధ్యాహ్నానికి ఆయన కూడా కాగితం మీద "వెనక్కొస్తుంది" అని రాయడం మొదలుపెట్టాడు.

అప్పటినుంచి ఆవిడకి తీరిక లేదు. పొద్దున తొట్టి, మంగళవారం మక్రమ్ గారేజీలో రుచి చూడడం, నెలకోసారి ఏదో ఒక ఊరు. ఎక్కడికి వెళ్ళినా లోర్ వెంట ఉంటుంది. వదాద్ మాత్రం ఎంత గొప్ప బీరు చేతికిచ్చినా గ్లాసు అంచుకి ఉప్పద్ది, సగం నిమ్మకాయ పిండుకునే తాగుతుంది. అలా పిండుతున్నంతసేపూ మక్రమ్ చూడలేక గోడవైపు తిరిగి నిలబడతాడు.