కొండ కొనన ఎర్రగుడ్డ

కొల్లేటి మనిషికి కొండలతో ఏం పని? మా వీధిలో అందరూ అడిగిన మాటే. మంగరాజు నవ్వేసి ఊరుకునేవాడు. పెళ్లయ్యేదాకా చెరువుగట్టు కన్నా ఎత్తయినదేదీ చూడలేదట. బెజవాడ వచ్చి వన్ టౌన్‌లో ఒక చేపల కమీషన్ కొట్టులో కాటా పనికి కుదిరాక, మొదటి సెలవు రోజునే సీతానగరం కొండ ఎక్కి వచ్చాడు. ఆ తరువాత మంగళగిరి, ఆ తరువాత కొండపల్లి. ఆదివారం వచ్చిందంటే ఏదో ఒక కొండ నెత్తిన ఉండాల్సిందే.

"దారి ఉంది కదయ్యా, సుబ్బరంగా దారిన పోరాదా?" అన్నాను ఒకసారి.

"దారిన పోతే అది నడకేనండి పద్మావతమ్మగారూ. బండ పట్టుకుని ఎక్కుతుంటే ఉంటాదండీ మజా!" అన్నాడు.

ఐసుకీ చేపముళ్లకీ సగం పాడయిన చేతులు. వాటికి ఇదొకటి. చూస్తే నాకు ఒళ్లు మండేది.

విద్యాధరపురంలో మా పక్క వాటాలోనే వాళ్ల కాపురం. భార్య పెద్దింట్లమ్మ పుట్టింటి అలవాటు ఒకటి వెంట తెచ్చుకుంది. వాళ్ల ఊళ్లో మగవాళ్లు పడవ మీద వేటకు పోతే, చేరవలసిన చోటికి క్షేమంగా చేరాక గెడకు ఎర్రగుడ్డ కడతారట. అది గట్టు మీదికి కనబడేదాకా ఇంటి ఆడది మెతుకు ముట్టదు. మా వెనక కొండకూ అదే పెట్టింది. తన పాత ఎర్రచీర ముక్క మొగుడి నడుముకు తనే చుట్టి పంపేది. అతను కొండ అవతల, క్వారీ వైపు నుంచి బండలు పట్టుకుని పైకి ఎక్కి, కొనన ఉన్న ఎండుచెట్టుకు ఆ ముక్క కట్టి, ఇటువైపు కాలిదారిన ఇంటికి దిగేవాడు. ఈమె పెరట్లో నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, గుడ్డ కనబడగానే "ఎక్కేశాడండీ!" అని నాకు కేకేసి, అప్పుడు కంచం ముందు కూర్చునేది.

ఈ సంగతి కొట్టు యజమాని సంజీవరావుకు నవ్వులాట అయింది. కంకిపాడు మోతుబరి. పనివాడు సంతోషంగా ఉంటే కొందరికి సహించదు, ఈ పెద్దమనిషి ఆ రకం. "ఏరా, ఎవరెస్టు ఎప్పుడు?" అని నలుగురిలో రోజూ అదే పాట. ఒకనాడు మంగరాజు కూడా సరదాకే, "మీరు తోడొస్తానంటే రేపేనండి" అన్నాడు. బొజ్జ మోసుకుంటూ నాలుగడుగులు వెయ్యలేని మనిషాయె, కొట్లో అందరూ ఘొల్లుమన్నారు. అది ఆయనకు గుచ్చుకుంది.

డెబ్బై అయిదు, మే నెలలో ఒక ఆదివారం. మంగరాజు చీకటితోనే బయల్దేరాడు. అంతకు ముందే సంజీవరావు, కొట్లో పనిచేసే ఆమోసు చేతికి ఒక ఎర్రగుడ్డ ఇచ్చి కాలిదారిన పైకి తోలాడు. మంగరాజు చచ్చీచెడీ పైకి పాకేసరికి అక్కడ గుడ్డ ఎగురుతూ ఉండాలి, వీడి మొహం మాడిపోవాలి, మర్నాడు కొట్లో కూర్చుని నవ్వుకోవాలి. అదీ ఆయన సరదా. సరదాట సరదా! ఇదంతా తరువాత ఆమోసే ఏడుస్తూ చెప్పాడు.

ఎండ ముదరకముందే పెద్దింట్లమ్మ కేక వినబడింది. "ఎక్కేశాడండీ! ఇయ్యాల తొందరగా ఎక్కేశాడు!" పిచ్చిది, ఆనందం పట్టలేకపోయింది. ఆ రోజు కొరమీను పులుసు. రెండుసార్లు కలుపుకు తింది.

కొండ అవతల మంగరాజు పట్టు తప్పి జారి, రాళ్ల మధ్య తొడ విరిగి పడి ఉన్నాడు. ఆదివారం క్వారీలో పని ఉండదు. ఆ వైపు నరమానవుడు పోడు.

పొద్దు వాలినా మనిషి రాలేదు. గుడ్డ కనబడింది గనక, దిగేటప్పుడే ఏదో అయిందనుకుని కాలిదారి వెంట పిలుచుకుంటూ వెతికాం. లేడు. ఇద్దరం వన్ టౌన్‌లో సంజీవరావు ఉండే ఇంటికి పరుగెత్తాం. వరండాలో పడక్కుర్చీలో ఉన్నాడు, పక్కన ఆమోసు.

"మా ఆయన ఇంకా రాలేదండి బాబుగారూ. మనుషుల్ని పంపండి," అంది పెద్దింట్లమ్మ.

"గుడ్డ కనబడిందా?"

"కనబడిందండి."

"మరింకేం? ఎక్కినవాడు దిగడా? ఏ సారాకొట్లోనో పడి ఉంటాడు, పోయి పడుకో."

ఆమోసు ఏదో అనబోయాడు. సంజీవరావు ఒక్క చూపు చూసేసరికి తల దించుకున్నాడు. ఆ గుడ్డ తను కట్టించిందని ఒక్క ముక్క చెబితే, లైట్లు పట్టుకుని వీధి వీధంతా క్వారీ వైపు పోయేది. చెప్పలేదు, దుర్మార్గుడు. పరువు పోతుందని!

తెల్లారి రాళ్లు కొట్టేవాళ్లు పనికొచ్చి చూశారు. అప్పటికి ప్రాణం పోయింది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉందన్నారు. చీర ముక్క నడుముకు చుట్టింది చుట్టినట్టే ఉంది. పెద్దింట్లమ్మ దాన్ని తడిమి చూసి, కొండ కొనన ఇంకా ఎగురుతున్న గుడ్డ వంక చూసింది. అప్పుడే ఆమోసు ఆమె కాళ్ల దగ్గర కూలబడి అంతా కక్కేశాడు. పోలీసులకు చెబితే, "చెట్టుకు గుడ్డ కడితే కేసేంటమ్మా?" అన్నారు.

పెద్దకర్మ నాడు సంజీవరావు సిగ్గులేకుండా వచ్చి మొదటి బంతిలో కూర్చున్నాడు. పనివాడి ఇంట విస్తరి ముందు కూర్చున్నాడని మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు. నేను చీపురు తిరగేద్దామనే లేచాను. పెద్దింట్లమ్మ నన్ను ఆపి, పులుసు గిన్నె తీసుకుని తనే వడ్డనకు వెళ్లింది. ఆయన విస్తట్లో పోసింది. మళ్లీ పోసింది.

"తినండి బాబుగారూ, కడుపునిండా తినండి. అక్కడ ఆయన నీళ్లు నీళ్లని అరుస్తుంటే నేనూ ఇలాగే తిన్నానండి."

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. సంజీవరావు చెయ్యి ఆగలేదు. "ఉప్పు కాస్త తగ్గిందే," అని, విస్తరి ఖాళీ చేసి లేచాడు.