మా ఇంట్లో ఆడవాళ్ళు పనికి పోరు

మా ఊరి పేరు చెప్పను. కర్నూలులో షేర్ ఆటో ఎక్కి కల్లూరు దాటి ఇంకాస్త ముందుకు పోతే కొత్త ఇళ్ళ మధ్యలో తగులుతుంది. అంతవరకు చాలు. పేరు చెబితే మా నాయన పరువు పోతుంది. ఫ్యాక్టరీ ఎలాగూ పోయింది, పరువైనా మిగలనిద్దాం.

బట్టలు కుట్టే కంపెనీ ఒకటి కొత్త ఫ్యాక్టరీకి చోటు వెతుకుతోందని, అన్ని ఊళ్ళూ వడగట్టగా చివరికి మా ఊరూ కమలాపురం దగ్గర ఇంకో ఊరూ మిగిలాయని తెలిసిన రోజు మా మునిసిపల్ ఆఫీసులో పండగే. నేను వార్డు సచివాలయంలో ఉద్యోగిని. కమిషనర్ గారు మమ్మల్నందరినీ పిలిచి పెళ్ళిచూపులకు సిద్ధం చేసినట్టు సిద్ధం చేశారు. రోడ్డు మీద గుంతలు పూడ్చారు. చూపించబోయే స్థలంలో కంపచెట్లు కొట్టించారు. హైవే ఎంత దూరం, సబ్‌స్టేషన్ ఎంత దూరం, నీళ్ళ పైపు ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ రంగురంగుల మ్యాపులో గీయించారు. ఆ మ్యాపులో మా ఊరు నాకే కొత్తగా కనిపించింది.

కంపెనీ తరఫున వచ్చింది ముప్పై ఏళ్ళ ఆవిడ. గుడ్డ బూట్లు వేసుకుని చకచకా నడిచేది. స్థలం చూడటానికి ఆమెకు పది నిమిషాలు పట్టింది. మ్యాపు సగమే విప్పాం, ఆమె రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.

"ఇక్కడ ఆడవాళ్ళు ఆటో ఎక్కడ ఎక్కుతారు? సాయంత్రం ఈ దారిలో లైట్లు వెలుగుతాయా? చంటిపిల్లలుంటే ఎవరు చూసుకుంటారు?" అని అడిగింది.

"నీళ్ళకు ఏ లోటూ లేదు మేడమ్," అన్నారు కమిషనర్ గారు. ఆయన తయారై వచ్చిన జవాబు అదే మరి.

ఆమె నవ్వి, "స్థలం ఎక్కడైనా దొరుకుతుంది సార్. మిషన్ల ముందు కూర్చునే మనుషులు దొరకాలి. ఇంటింటికీ పోయి ఎంతమంది ఆడవాళ్ళు పనికి వస్తారో రాయించి ఇవ్వండి," అంది. ఆ రాసే పని మా సచివాలయం వాళ్ళ మీద పడింది.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా వదిన రెండేళ్ళుగా బెంగళూరులో, అదే కంపెనీ ఫ్యాక్టరీలో, చొక్కాలకు కాలర్లు కుడుతోంది. వీధిలో మాత్రం వాళ్ళక్కకు బాగాలేకపోతే చూసుకోవడానికి పోయిందని చెప్పుకుంటాం. ఆ అక్కకు ఇన్నాళ్ళు తగ్గని జబ్బు ఏమిటని ఎవరూ అడగలేదు. మర్యాదస్తుల వీధి. పైగా వాళ్ళు అడిగితే, చదువుకోవడానికని బెంగళూరు పోయి పుస్తకం తెరవని వాళ్ళ కోడలి సంగతి మేమూ అడుగుతాం. మా అన్న రియల్ ఎస్టేట్ చేస్తాడు. అంటే లేఔట్ కాగితాలు చంకలో పెట్టుకుని టీ బంకు దగ్గర కూర్చుంటాడు. ఇల్లు నడిచేది వదిన చేతుల మీదే.

నేను పొద్దున పోయి సాయంత్రం వస్తే అది ఉద్యోగం. నాయన నలుగురిలో చెప్పుకుంటాడు. వదిన నాకంటే రెండింతలు కష్టపడితే అది పని. దాన్ని దాచాలి. ఈ తేడా నాకు ఎవరూ నేర్పలేదు, ఇంట్లో గాలి పీల్చినట్టే వచ్చేసింది.

ఫ్యాక్టరీ మన ఊరికే రావచ్చని వదినకు వాళ్ళ సూపర్‌వైజర్ మాకంటే ముందే చెప్పాడు. వస్తే అక్కడ పనిచేసేవాళ్ళకు ఇక్కడికి మారే వీలుంటుందట. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోన్. "ఏమ్మే, సర్వేకు వచ్చినారా? ఏమంటాండారు?" అని. ఆరేళ్ళ కూతురికి మాట కూడా ఇచ్చేసింది. "నువ్వు ఒకటో తరగతికి పోయేతలికి నేను ఇంట్లోనే ఉంటా, నీ జడ నేనే వేస్తా," అని. నేను జడ వేసేటప్పుడల్లా ఆ పిల్ల, "అమ్మయితే గట్టిగా వేస్తాది," అని నా పనితనానికి వంక పెట్టేది.

సర్వేకు నాతోపాటు పక్క వార్డు నుంచి ఒకతను వచ్చాడు. మొదటి ఇంట్లో పెద్దాయన గడపలోనే నిలబడి, "మా ఆడోళ్ళు పనికి పోరమ్మా. ఆ కర్మ మాకేం పట్టింది?" అన్నాడు. ఆయన వెనక తలుపు సందులోంచి కోడలు నా వంక చూసి, వేలితో తనను తాను చూపించుకుంది. నేను చూడనట్టు తల వంచుకుని "లేరు" అని రాశాను. రెండో ఇంట్లోనూ అదే మాట. మూడో ఇంట్లో ఇంకాస్త గట్టిగా. బెంగళూరు బస్సులో ఒకరి పక్కన ఒకరు కూర్చుని పోయిన ఆడవాళ్ళందరూ మా కాగితాల్లో ఇల్లు కదలని వాళ్ళయ్యారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు పెద్దలు.

మూడో రోజు మా ఇల్లు వచ్చింది. నాయన నాతో వచ్చినతనికి కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించాడు.

"ఏమప్పా, మాదీ సేద్యం చేసిన వంశమే. మా ఇంట్లో ఆడోళ్ళు పనికి పోరు. కోడలు ఇంటిపట్టునే ఉంటాది. ఇప్పుడు వాళ్ళక్కకు బాగలేకపోతే ఆడుండాది, అంతే," అన్నాడు.

పెన్ను నా చేతిలో ఉంది. ఫారం నా ఒళ్ళో ఉంది. "నాయనా, వదిన వస్తాననింది కదా," అంటే అయిపోయేది. పక్కనతను కాఫీ తాగుతూ నా ముఖం చూస్తున్నాడు. వదిన పేరుకు ఎదురుగా "గృహిణి" అని రాశాను. పనికి వస్తారా అన్న చోట "రారు" అని రాశాను. అప్పుడే గుండె కలుక్కుమందని చెబితే అబద్ధం. అప్పుడు నాకు కలిగింది ఊరట. మా గుట్టు పక్క వార్డు దాకా పోలేదన్న ఊరట.

ఫారాలు చూడటానికి ఆవిడ మళ్ళీ వచ్చింది. ఒక్కొక్కటే తిప్పుతూ ఉంటే కమిషనర్ గారు ఆగలేక, "చూశారా మేడమ్, మా ఊళ్ళో అందరూ కలిగినవాళ్ళే," అన్నారు.

"చాలా సంతోషం సార్," అందావిడ. "పని అవసరం లేని ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టి మేమేం చేసుకుంటాం?"

నాటుకోడి పులుసుతో భోజనం చేసి, వంట బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోయింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని కమిషనర్ గారు వారం రోజులు కనిపించినవాళ్ళందరికీ చెప్పారు. ఆ శని ఎవరో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

కమలాపురం దగ్గర స్థలం మాదానికంటే అధ్వానమట. రాళ్ళు, దానికి తోడు మట్టిదారి. కానీ అక్కడివాళ్ళు సర్వేకు గడప గడపకూ పోలేదు. పొదుపు సంఘాల మీటింగులకు పోయి, ఒక్క మగవాడు లేనిచోట ఆడవాళ్ళనే అడిగారు. కాగితాలు చాలక నోటుపుస్తకాలు చించి మరీ పేర్లు రాసిచ్చారట. ఫ్యాక్టరీ అక్కడికే పోయింది.

ఆ ఆదివారం వదిన ఫోన్ చేసింది.

"కమలాపురమంట కదా," అంది. "కమలాపురమైతేనేం, బెంగళూరైతేనేం నాకు? రెండూ మన ఇల్లు కాదు." ఆ వెంటనే, "మన వీధిలో ఒక్కరు కూడా వస్తామనలేదంట. మన ఇంటిది ఎవురు రాసినారు?" అని అడిగింది.

అబద్ధం నోటిదాకా వచ్చింది. "నేనే రాసినా వదినా. నాయన చెప్పినాడు, నేను రాసినా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. "సరేలే," అంది. "పాపకు నేను చెప్పలేను. రాసింది నువ్వే కదా, నువ్వే చెప్పు." ఫోన్ పెట్టేసింది.

పాప దువ్వెన, రిబ్బన్లు పట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది. వెనక కూర్చుని, పాయలు తీస్తూ, అమ్మ ఇప్పుడే రాదని, ఇంకా శానా రోజులు పడుతుందని చెప్పాను. ఏడుస్తుందేమోనని జడ వదిలేసి భుజం పట్టుకున్నాను. ఏడవలేదు. వీధిలోకి అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, నా చెవి దగ్గరికి వచ్చింది.

"నేను ఎవురికీ చెప్పలేదత్తా. అమ్మ ఫ్యాక్టరీలో కుడతాదని బడిలో ఒక్కరికి కూడా చెప్పలేదు, ఒట్టు. మరి అమ్మ ఎందుకు రాదు?"