నాయన మాటకు నా ఇంగ్లీషు

కల్యాణదుర్గంలో ఒక స్వచ్ఛంద సంస్థలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివాను. ఇంగ్లీషు తప్పుల్లేకుండా రాస్తానని నన్ను తీసుకున్నారు. విదేశాల్లోని దాతలకు ప్రాజెక్టు ప్రతిపాదనలు రాయడం నా పని. వానలు ఎట్లా మొహం చాటేస్తున్నాయో, బోర్లు ఎట్లా ఎండిపోయాయో, శనక్కాయ వేసి మునిగిపోయిన రైతులు ఎట్లా వలస పోతున్నారో రాసి, చెక్ డ్యాములకూ మొక్కలకూ నిధులు అడగాలి. నేను బాగా రాసేదాన్ని. వలస అన్న మాట లేని పేజీ ఉండేది కాదు.

అంకెలు ఎన్ని ఇచ్చినా లాభం లేదని, దాతలకు ఒక మనిషి కథ కావాలని మా డైరెక్టరు సారు నాకు నేర్పించారు. ఒక ఆదివారం ఇంటికి పోయినప్పుడు ఆ మాటే అమ్మకూ నాయనకూ గొప్పగా చెప్పాను. కంబదూరు దాటి కొంచెం లోపలికి పోతే మా ఊరు. మాది భూమి ఉన్న ఇల్లు. నీళ్ళు లేని భూమే అయినా, భూమి ఉన్నవాళ్ళమన్న పేరు ఉండేది. నాయన సంగటి ముద్ద తుంచి ఊరిబిండి పచ్చడిలో అద్దుకుంటూ విన్నాడు.

"మనుషులు కథలు చెప్తే దుడ్లు ఇస్తారా?" అన్నాడు.

"నిజమైన కథ అయితే ఇస్తారు నాయనా."

ఇంకో ముద్ద తుంచుకున్నాడు.

ఆ మరుసటి ఏడాది ఎండాకాలంలో ఒక దాత సంస్థ నుంచి ఒకావిడ వచ్చింది. తెల్లజుట్టు, నెమ్మదైన మనిషి. ఆమె తిరిగే ఊళ్ళలో మా ఊరు కూడా పడింది. మా ఊరి పక్కన వానకు పారే వంకకు చెక్ డ్యాము కట్టాలన్నది కొత్త ప్రతిపాదన. ఇంగ్లీషులోకి మార్చి చెప్పేది నేనే. ముందు రోజు ఆఫీసులో సారు నన్ను పిలిచి, "మీ నాయన మీటింగులో ఉంటే ఉండనీ. మా నాయన అని మాత్రం ఆమెకు చెప్పొద్దమ్మా. స్టాఫ్ చుట్టాలకే పనులు చేసుకుంటున్నారు అనుకుంటే కష్టం," అన్నారు. సరేనన్నాను. ఆ మాట నాయనకు ఎవరు చేరవేశారో తెలియదు. మేము జీపు దిగేసరికి అందరితో పాటు ఆయనా లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టాడు.

బడి వసారాలో జంపఖానా పరిచారు. ఆవిడ కుర్చీ వద్దని కిందే కూర్చుంది. కరువు వచ్చిన ఏడు ఏం చేశారని అడిగింది. నేను తెలుగులో అడిగాను. "ఏం చేస్తామమ్మా, బెంగుళూరికి పోయినాం," అన్నాడు ఒకాయన. "పోయినాం, వచ్చినాం," అన్నాడు ఇంకొకాయన. అన్ని ఊళ్ళలోనూ వినే మాటే. ఆవిడ రాసుకోవడం ఆపేసి గడియారం చూసుకుంది. సారు నా వైపు చూశారు.

అప్పుడు నాయన గొంతు సవరించుకున్నాడు.

"నేను చెప్తా మేడమ్. నేనూ పోయినా. నేనూ, నా పెండ్లామూ."

నేను ఆయన వైపు చూశాను. ఆయన నన్ను చూడలేదు, వచ్చినావిడనే చూస్తున్నాడు. ఏమన్నాడని ఆవిడ అడిగింది. "తనూ తన భార్యా వెళ్ళారట," అన్నాను ఇంగ్లీషులో.

"ఊరోళ్ళు చూస్తారని చీకటితోనే బస్సెక్కినాం. భూమి ఉండేవాళ్ళు కూలికి పోయినారంటే తల ఎత్తుకోలేం గదా. ఆడ అపార్ట్‌మెంట్లు కట్టేకాడ ఇటుకలు మోసినా. నా పెండ్లాం ఇసక జల్లించింది. రేకుల షెడ్డులో పండుకుంటిమి. మేస్త్రీ నన్ను ఒరే అని పిలుస్తాండె."

ఒక్కో మాటా ఇంగ్లీషులోకి మార్చాను. మా అమ్మను "అతని భార్య" అంటూ చెప్పాను. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు వంచుకున్నారు. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. ఊరంతా ఎరిగిన సంగతేనని, ఎరగనిది నేనొక్కదాన్నేనని అప్పుడు అర్థమైంది.

"మా పాప హాస్టల్లో ఉండి చదువుకుంటాండె," అన్నాడు నాయన. "ఆ పాపకి మాత్రం తెలియనీయలేదు. తనకల్లు కాడ చుట్టాల బావి కింద మడి గుత్తకు తీసుకున్యాం, ఆడే ఉండామని చెప్తిమి."

నాకు గుర్తుంది. ఆ ఏడు దసరా సెలవులకు ఇంటికి రావద్దని కబురు పెట్టారు. నాయన ఒకసారి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని హాస్టలుకు వచ్చాడు. అరచేతులు పగిలిపోయి ఉన్నాయి. ఏమైందంటే ఇంటికి సున్నం కొట్టినానన్నాడు. నేను నమ్మాను. నా స్నేహితురాళ్ళు చూస్తారేమోనని ఆ చేతులతో తెచ్చిన జామకాయల సంచి తొందరగా లోపలికి తీసుకుపోయాను.

ఆ మాటలన్నీ ఇంగ్లీషులో పెట్టాను. ఆవిడ ముందుకు వంగి, "ఆ అమ్మాయికి ఇప్పుడు తెలుసా?" అని అడిగింది.

అది నేనే నాయనను అడగాలి.

"మీ అమ్మాయికి ఇప్పుడన్నా తెలుసా అని అడుగుతున్నారు."

నాయన మొదటిసారి నా ముఖంలోకి చూశాడు.

"ఇప్పుడు తెలిసినాదిలే మేడమ్."

"తెలుసట," అన్నాను ఇంగ్లీషులో.

జీపెక్కాక సారు నా భుజం తట్టారు. "ఇదే కావాల్సింది. ఈ కథతోనే మొదలుపెట్టు," అన్నారు. అది మా కథ అని ఆయనకు తెలుసు. మెచ్చుకోలుగానే అన్నారు.

ఆదివారం ఇంటికి పోయాను. నాయన అరుగు మీద విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాడు. అమ్మ నన్ను చూసి లోపలికి పోయింది.

"ఎందుకు చెప్పినావు నాయనా?"

"ఆయమ్మ లేసిపోయేట్లు ఉండె. నిజమైన కథ కావల్లని నువ్వే అంటివి గదా. నీ పనికి వస్తాదని చెప్పినా." కాయ నొక్కి పప్పు చాటలో వేశాడు. "రాసుకో. తప్పేముంది?"

లోపల నుంచి అమ్మ వచ్చింది. "నన్నొక మాట అడిగినావా?" అంది నాయనను. "ఊర్లో అందరికీ తెలుసు. ఇన్నేండ్లూ ఒక్కరన్నా నోరు తెరిసి అడిగినారా? మన మర్యాద కాపాడినారు. నువ్వే పోయి నలుగురి ముందర పరిస్తివి." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు రాయొద్దు."

ఆ సాయంత్రమే బస్సెక్కి కల్యాణదుర్గం పోయాను.

సోమవారం ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని రాశాను. నాయన పేరు రాయలేదు, "ఒక రైతు" అన్నాను. చీకటితోనే బస్సెక్కడం రాశాను, ఇసుక జల్లించడం రాశాను, కూతురికి దాచడం రాశాను. నా చేతులు ఎక్కడా ఆగలేదు. నేను రాసిన వాటన్నిటిలోకీ అదే బాగా వచ్చింది. సారు చదివి ఒక్క మాట కూడా దిద్దలేదు. ఆయన మెచ్చుకుంటే నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషం తలుచుకుంటే ఈ రోజుకీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నిధులు వచ్చాయి. వంకకు చెక్ డ్యాము కట్టారు. ఆ తర్వాత మంచి వాన పడిన ఏడు మా కింది చేను బావిలో నీళ్ళు కూడా ఊరాయి. నాయన ఆ నీళ్ళు చూపించడానికి నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయాడు. అమ్మ మాత్రం డ్యాము దగ్గరికి ఎప్పుడూ రాలేదు.

డ్యాము పని చూడటానికి ఆ దాత సంస్థ ఆవిడే మళ్ళీ వచ్చింది. నాయన చేతులు పట్టుకుని పలకరించి, "మీ భార్యను కలవాలని ఉంది," అంది. ఇల్లు దగ్గరే. నేను ముందు పోయి అమ్మకు చెప్పాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"ఆయమ్మ నన్ను చూసేకి వస్తాందా, ఇసక జల్లించినదాన్ని చూసేకి వస్తాందా?" అని అడిగింది.

అమ్మ కట్టెను పొయ్యిలోకి తోసింది.

"ఇంట్లో లేదని చెప్పు పో. అదన్నా చెయ్యి."

బయటికి వచ్చేసరికి ఆవిడ, సారు, నాయన మా గుమ్మం ముందుకు వచ్చేశారు. పొయ్యి పొగ వాకిట్లోకి వస్తూనే ఉంది. నేను తలుపు దగ్గరగా లాగి, ఆమె ఇంట్లో లేదని, పొలానికి పోయిందని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ పొగ వైపు చూసింది, నా వైపు చూసింది. "పరవాలేదు, ఇబ్బంది పెట్టొద్దు," అని వెనక్కి తిరిగింది. లోపలికి పోదామని విప్పిన చెప్పులు చేతిలో పట్టుకుని నాయన అక్కడే నిలబడిపోయాడు.